స్నాగ్ అంటే ఉత్త ముద్దేనా? అసలు ఆ మాట ఎక్కడిది?

ఉపశీర్షిక

అందరికీ నమస్కారం. ఒక బ్రిటిష్ సీరియల్‌కు తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. ఆఫీసులో క్రిస్మస్ విందు జరిగిన మర్నాడు ఇద్దరు ఉద్యోగినులు టీ తాగుతూ మాట్లాడుకునే సన్నివేశం. ముందు రోజు రాత్రి అకౌంట్స్ విభాగంలోని అతనితో "స్నాగ్" జరిగిందట కదా అని ఒకామె కూపీ లాగుతుంది. రెండో ఆమె కప్పులోకి చూస్తూ నవ్వు ఆపుకుంటుంది.

నేను "ముద్దు పెట్టుకున్నావట కదా" అని రాశాను. మా సమీక్షకురాలు దాన్ని తిప్పి పంపారు. "ఇందులో తుంటరితనం ఏది? మేనత్త మేనల్లుడికి పెట్టిన ముద్దులా ఉంది" అన్నారు. ఆవిడ అన్నదీ నిజమే అనిపిస్తోంది. ఈ మాటకు సరిగ్గా అర్థం ఏమిటి? కిస్‌కూ దీనికీ తేడా ఎక్కడ? ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఎవరైనా చెబితే సంతోషం.

లీడ్స్_వాసి

ఇక్కడ రోజూ చెవిన పడే మాటే కాబట్టి నేను మొదలుపెడతాను. ముందు ఉచ్చారణ: డాగ్ అనే మాటకు ప్రాసగా పలకాలి. చిక్కు, అవాంతరం అనే అర్థంలో ఇంకో స్నాగ్ ఉంది, తెలుగులో రాస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ ఇంగ్లిష్‌లో అచ్చు వేరు.

అర్థం విషయానికొస్తే, కిస్ అనేది పెద్ద గొడుగు. పసిపాప నుదుటి మీద, అమ్మమ్మ చెంప మీద, ఉంగరం మీద, దేవుడి పటం మీద పెట్టినా అది కిస్సే. స్నాగ్ వాటిలో దేనికీ పనికిరాదు. ఇద్దరు పెద్దవాళ్లు తీరిగ్గా, పెదవులు పెనవేసి, పక్కన బస్సు వెళ్లిపోతున్నా పట్టించుకోకుండా పెట్టుకునే ముద్దు అది. చర్చిలో పెళ్లి జరిపించే పాదరీ వరుడితో "ఇక వధువును కిస్ చేయవచ్చు" అంటాడు. ఆయన నోట స్నాగ్ అనే మాట వస్తే చర్చి మొత్తం గొల్లుమంటుంది.

ఇంకొకటి గమనించండి. ఈ మాటను ముద్దు పెట్టుకున్నవాళ్లకంటే చూసినవాళ్లే ఎక్కువగా వాడతారు. "నిన్న రాత్రి వాళ్లిద్దరూ బస్టాపులో స్నాగింగ్" అని పక్కవాళ్లు చెప్పుకుంటారు. ప్రేమలేఖలో ఎవరూ రాయరు. మీ సమీక్షకురాలు వెతుకుతున్న తుంటరితనం అక్కడిదే.

పదాల_పిచ్చి

లీడ్స్ వాసి గారు చెప్పింది ఇప్పటి అర్థం. పుట్టినప్పుడు ఇంత ఇరుకుగా లేదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు దొరికిన తొలి అచ్చు ఆధారం 1945 నాటిది. తొలినాళ్లలో ఈ మాట సరసాలాడటం, ఒకరినొకరు హత్తుకుని కూర్చోవడం వంటి వాటికి కూడా వర్తించేది. తరవాత క్రమంగా దృష్టి అంతా పెదవుల మీదికి చేరింది.

వ్యుత్పత్తి దగ్గర ఆక్స్‌ఫర్డ్ వారు రాసింది రెండే మాటలు: మూలం తెలియదు.

1945 అనగానే అది పుట్టిన సంవత్సరం అనుకోకూడదు. వీధిలో పుట్టిన మాట అచ్చులోకి రావడానికి ఏళ్లు పడుతుంది. అందులోనూ ఇది ముద్దుకు సంబంధించినది, అప్పటి పత్రికా సంపాదకులు మర్యాదస్తులు. యుద్ధకాలంలోనో, ఇంకాస్త ముందో జనం నోళ్లలో ఉండి ఉండాలి.

గోదారిగట్టు

మూలం తెలియదు అంటే నమ్మశక్యంగా లేదు. ఈ మాట బ్రిటిష్ ఇండియాలో పుట్టిందని నేను చదివాను. ఇక్కడున్న సైనికులు పట్టుకెళ్లారట. అలాగైతే మన స్నేహం ఎందుకు కాకూడదు? స్నేహ్ అన్న హిందీ ఉచ్చారణను తెల్లదొర నోట్లో వేసి ఒక్కసారి తిప్పండి, స్నాగ్ రాదా? అర్థమూ కుదిరింది. స్నేహం అంటే ప్రేమ కూడా కదా!

ముక్కుసూటి

వచ్చిందండీ. ఈ వేదికలో ఏ ఇంగ్లిష్ మాట గురించి అడిగినా నాలుగో టపాకల్లా సంస్కృతం వచ్చేస్తుంది.

విశ్రాంత_మాస్టారు

ముక్కుసూటి గారూ, అంత విసుగు వద్దు. గోదారిగట్టు గారి ఊహ తప్పే కావచ్చు, కానీ అడగదగ్గ ప్రశ్నే. సైనికుల యాసలో మన దేశపు మాటలు బోలెడు ఉన్నాయి. ఇంగ్లండులో చాలామంది ఇప్పటికీ "ఒకసారి చూడు" అనడానికి డెకో అంటారు. అది హిందీ దేఖో. హాయిగా సాగే ఉద్యోగాన్ని కుషీ అంటారు. దాని వెనక ఖుషీ ఉందని ఎక్కువమంది అభిప్రాయం. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో కూర్చుని సిపాయిలు స్వదేశాన్ని బ్లైటీ అని తలుచుకునేవారు. అది విలాయతీ.

అన్నింటికన్నా నాకు ఇష్టమైనది డూలాలీ. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర దేవలాలీ అనే ఊరుంది. అక్కడ బ్రిటిష్ సైనిక శిబిరం ఉండేది. సేవాకాలం ముగిసిన సిపాయిలు ఇంటికి వెళ్లే ఓడ కోసం ఆ ఎండల్లో పనీపాటా లేకుండా నెలల తరబడి పడిగాపులు కాసేవారు. కొందరికి మతి చలించేది. దాన్ని డూలాలీ ట్యాప్ అన్నారు. ట్యాప్ అంటే నీళ్ల కొళాయి కాదు, మన తాపమే, జ్వరం అనే అర్థంలో. ఇప్పుడు ఇంగ్లండులో ఎవరికైనా తిక్క ముదిరిందనడానికి ఉత్త డూలాలీ చాలు.

ఇక మన వాటా: బ్యాండికూట్. అచ్చమైన తెలుగు పందికొక్కు అది. పకారం బకారమైంది, చివరి అచ్చు రాలిపోయింది. అయినా తోవ అంతా కనబడుతూనే ఉంటుంది. జంతువు అదే, ప్రాంతం అదే, రాసిన ఆంగ్లేయుల రాతలు ఉన్నాయి. ఒక మాట ఒక భాష నుంచి ఇంకో భాషకు వెళ్లిందనడానికి ఇలాంటి అడుగుజాడలు కావాలి.

స్నాగ్ విషయంలో అవేవీ లేవు. స్నేహ్‌లోని హకారం ఆంగ్లేయుడి నోట గకారం కావలసిన అవసరమేమీ లేదు. వాళ్లకు హకారం ఉంది, హౌస్ అని పలుకుతూనే ఉన్నారు. పైగా ఆ దారిలో ఒక్క మెట్టయినా, అంటే సైనికుల ఉత్తరాల్లో స్నే అనో స్నెగ్ అనో ఒక్క రూపమైనా చూపాలి కదా.

ఇంతలో ఒక తమాషా. స్నేహానికి మూలమైన స్నిహ్ ధాతువుకు తడి, జిగురు, అంటుకోవడం అనే అర్థాలున్నాయి. నూనెను కూడా స్నేహం అంటాం, ఆయుర్వేదంలో స్నేహనం అదే. ఈ ధాతువుకు ఇంగ్లిష్‌లో దూరపు చుట్టం ఉంది, కానీ అది స్నాగ్ కాదు, స్నో. మంచు. తులనాత్మక భాషాశాస్త్రం చదివినవాళ్లు ఈ రెండింటినీ ఒకే గూటి పక్షులుగా చూపిస్తారు.

గోదారిగట్టు

మాస్టారూ, ముద్దు కోసం వెళ్తే చేతిలో మంచుముద్ద పెట్టి పంపారు. సరే, ఒప్పుకున్నాను. పందికొక్కు మాత్రం నాకు తెలియదు. ఇంట్లో అందరికీ చెప్పేశాను.

ముక్కుసూటి

ఇంత దూరం ఎందుకు? స్నగ్ అనే మాట కళ్ల ముందే ఉంది. స్నగ్ అంటే వెచ్చగా, ఇరుకుగా, హాయిగా. దాని నుంచే స్నగుల్, దగ్గరగా ఒదిగిపోవడం. అచ్చు ఒక్కటి మారితే స్నాగ్. మొదట్లో హత్తుకుని కూర్చోవడం అనే అర్థం కూడా ఉండేదని మీరే అన్నారు. ఇంకేం కావాలి?

పదాల_పిచ్చి

ఉన్న ఊహల్లో మెరుగైనది ఇదే. కొందరు నిఘంటుకారులు స్నగ్‌తో చుట్టరికం ఉండవచ్చని కూడా అన్నారు. కానీ "ఉండవచ్చు" దగ్గరే ఆగారు. స్నగ్ పదహారో శతాబ్దం నుంచి ఉంది, మొదట ఓడల విషయంలో వాడేవారు. అన్నీ బిగించి గాలివానకు సిద్ధంగా ఉన్న ఓడ స్నగ్. ఆ మాట ఎప్పుడు, ఏ ప్రాంతంలో, ఎవరి నోట అచ్చు మార్చుకుందో చూపే వాక్యం ఒక్కటీ లేదు.

నాకు ఇందులో ఆసక్తిగా తోచేది వేరే. ఇంగ్లిష్‌లో స్న అనే జంట హల్లుతో మొదలయ్యే మాటలు ఒకసారి పైకి చదవండి: స్నౌట్ (మూతి), స్నిఫ్ (వాసన చూడటం), స్నోర్ (గురక), స్నీజ్ (తుమ్ము), స్నాట్ (చీమిడి), స్నార్ట్, స్నఫుల్, స్నఫ్ (ముక్కుపొడి). అన్నీ ముక్కు చుట్టూ తిరిగేవే. ఆ భాష మాట్లాడేవారి చెవికి స్న అనగానే ముక్కూ మూతీ మెదులుతాయి. ఇలాంటి వాతావరణంలో ఎవరో సరదాగా స్నాగ్ అన్నారంటే, వినేవారికి అర్థం చెప్పనక్కరలేదు. రెండు ముఖాలు ఒకదానికొకటి అడ్డం పడుతున్న బొమ్మ ఆ శబ్దంలోనే ఉంది. అంటే ఈ మాటకు తల్లిదండ్రులు ఉండి తీరాలని లేదు, ఇరుగుపొరుగు మాటలు చేరి పెంచి ఉండవచ్చు. నా అభిప్రాయం ఇది, నిఘంటువు మాట కాదు.

మూలం తెలియకపోవడం వింతేమీ కాదు కూడా. డాగ్ అనే మాటకే మూలం తెలియదు! పాత ఇంగ్లిష్‌లో కుక్కకు మామూలు పేరు హుండ్. డాగ్ రూపం ఎక్కడో అరుదుగా కనిపించి, తరవాత ఊరంతా ఆక్రమించింది. గర్ల్ కూడా అంతే, మూలం తేలలేదు. పైగా మొదట ఆడపిల్లైనా మగపిల్లవాడైనా గర్లే.

కోపెన్‌హాగన్_సైకిల్

డెన్మార్క్ నుంచి ఒక చిన్న హెచ్చరిక. ఇక్కడ అవే అక్షరాలతో స్నాగ్ అని రాసి ఉంటే దగ్గరికి వెళ్లకండి, అది పాము! డేనిష్ భాషలో గడ్డిపాముకు పేరది. చెరువుల దగ్గర తిరుగుతుంది, మన నీరుకట్టు పాములాగే విషం లేనిది. మెడ దగ్గర రెండు పసుపు మచ్చలుంటాయి. పలికేటప్పుడు చివరి గకారం దాదాపు వినిపించదు. మొదటిసారి పార్కులో బోర్డు మీద ఈ మాట చూసినప్పుడు మా ఇంగ్లండు మిత్రుడు దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు.

రెండు మాటలకూ సంబంధం ఉందా?

పదాల_పిచ్చి

లేదండీ. మీ డేనిష్ మాట ఇంగ్లిష్ స్నేక్‌కు బంధువు. ముద్దు మాటతో అక్షరాలు కలవడం కాకతాళీయం.

నర్సమ్మ_కార్క్

మా ఐర్లండులో స్నాగ్ కంటే షిఫ్ట్ ఎక్కువ వినిపిస్తుంది. ముద్దుకే! "షిఫ్ట్ దొరికిందా?" అంటే నిన్న రాత్రి ఎవరితోనైనా ముద్దు దాకా వెళ్లిందా అని. ఆసుపత్రిలో పనిచేసేదాన్ని, కొత్తగా వచ్చినప్పుడు ఈ సంగతి నాకు ఎవరు చెబుతారు? వారాంతంలో షిఫ్ట్ దొరికిందా అని తోటి నర్సు అడిగితే, "రెండు దొరికాయి, శనివారం ఒకటి, ఆదివారం ఒకటి, ఆదివారానికి జీతం ఎక్కువ" అని చెప్పాను. ఆ అమ్మాయి కుర్చీలోంచి జారిపోయింది.

లీడ్స్_వాసి

నర్సమ్మ గారూ, ఈ దారం మొత్తానికి ఇదే మకుటం.

ప్రాంతాన్ని బట్టి మాట మారుతూనే ఉంటుంది. స్కాట్లండులో వించ్ అంటారు, ఆస్ట్రేలియాలో పాష్. పాష్ అనేది ప్యాషన్‌ను కత్తిరించి చేసినది, దానికి మూలం వెతుక్కోనక్కరలేదు. అమెరికావాళ్లు మేక్ అవుట్ అంటారు, స్నాగ్ అంటే చాలామందికి తెలియదు. 1999లో బ్రిటన్‌లో లూయీజ్ రెనిసన్ రాసిన నవల ఒకటి వచ్చింది, పేరులోనే స్నాగింగ్ ఉంది. అమెరికా ముద్రణకు వచ్చేసరికి చివర ఇలాంటి బ్రిటిష్ మాటలకు అర్థాలు జోడించాల్సి వచ్చింది. 2008లో సినిమా తీసినప్పుడు ఆ పేరులోని "ఫుల్ ఫ్రంటల్" తీసేసి "పర్‌ఫెక్ట్" పెట్టారు, స్నాగింగ్‌ను మాత్రం ముట్టుకోలేదు. అంటే బ్రిటిష్ లెక్కలో ఇది బూతు కాదు. మన పిల్లల్లో చాలామంది ఈ మాటను హ్యారీ పోటర్ ఆరో పుస్తకంలోనే మొదట చూసి ఉంటారు. ఉపశీర్షిక గారూ, అనువాదంలో ఇది గుర్తుంచుకోండి. మాట చిలిపిదే, నీచమైనది కాదు.

విశ్రాంత_మాస్టారు

అనువాదకులకు ఇంకో గొయ్యి చెబుతాను, అందులో పడినవాళ్లు ఎందరో. పాత ఇంగ్లిష్ నవలల్లో "మేక్ లవ్" అని కనబడగానే కంగారు పడకూడదు. పందొమ్మిదో శతాబ్దంలో దానికి అర్థం తీయని మాటలతో వెంటపడటం, మనసు గెలుచుకోవాలని చూడటం. అందరూ కూర్చున్న హాలులో, పెద్దవాళ్ల ఎదుటే, ఒక పెద్దమనిషి ఒకమ్మాయికి లవ్ మేక్ చేయగలడు. ఇరవయ్యో శతాబ్దంలో గానీ ఆ మాట పడకగదిలోకి వెళ్లలేదు. స్నాగ్ నడిచిన దారీ అదే. సరసంతో మొదలై, శరీరం వైపు ఒక అడుగు.

ముద్దుకు ఇంగ్లిష్‌లో ఇలాంటి మారుపేర్లు అన్ని కాలాల్లోనూ ఉన్నాయి. షేక్‌స్పియర్ నాటికి బస్ ఉంది. మన ఆర్టీసీది కాదు, ముద్దే. రాబర్ట్ హెరిక్ అనే కవి 1648లో అచ్చయిన తన సంపుటిలో ఈ రెంటికీ తేడా చెప్పాడు: బస్ చేసేది విలాసినులను, కిస్ చేసేది ఇల్లాళ్లను అని. అంటే లీడ్స్ వాసి గారు చెప్పిన తేడానే మూడున్నర శతాబ్దాల కిందట ఇంకో మాటతో నడిచింది.

స్మూచ్ సంగతి కూడా చూడండి. ఇరవయ్యో శతాబ్దపు అమెరికా మాటలా కనిపిస్తుంది గానీ దాని పాత రూపం స్మౌచ్ పదహారో శతాబ్దంలోనే ఉంది. ముద్దు చప్పుడును అనుకరించిన మాట అది. బ్రిటన్‌లో స్మూచ్ అంటే ఒకరినొకరు ఆనుకుని నెమ్మదిగా చేసే నాట్యం కూడా. మన ఇంగ్లిష్ పత్రికలు సినిమా తారల గురించి రాసే స్మూచ్‌ను ఇంగ్లండులో అయితే స్నాగ్ అనాలి.

ముక్కుసూటి

స్నాగ్ ఏవో నాలుగు మాటల పొడి అక్షరాలు కలిపి చేసినదని ఎవరో వాట్సాప్‌లో పంపారు. దాన్ని కూడా ఇక్కడే తేల్చేయండి.

పదాల_పిచ్చి

తేల్చడానికేమీ లేదు, నమ్మకండి. పొడి అక్షరాలతో మాటలు చేయడం రెండో ప్రపంచ యుద్ధకాలం నాటికి గానీ ఊపందుకోలేదు. సైనికులు ఉత్తరాల కవర్ల మీద స్వాల్క్ అని రాసేవారు, "ప్రేమపూర్వక ముద్దుతో అంటించినది" అనే అర్థంలో. అది నిజం. కానీ అలాంటి నిజాలు తక్కువ, కల్పించినవి ఎక్కువ. పాష్ అనే మాట (దర్జా అనే అర్థంలోది, ఆస్ట్రేలియా ముద్దు కాదు) ఇండియా ఓడ టికెట్ల మీద ముద్రించిన పొడి అక్షరాల నుంచి వచ్చిందని ఎంత ప్రచారం! వెళ్లేటప్పుడు ఎడమవైపు గది, తిరిగొచ్చేటప్పుడు కుడివైపు గది, ఎండ తగలకుండా. కథ బంగారంలా ఉంది. అలా ముద్రించిన టికెట్ ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు.

ఉపశీర్షిక

అందరికీ కృతజ్ఞతలు. ఇంత వస్తుందని అనుకోలేదు. ఇక నా రెండు వరుసల సంగతి. ఇప్పటివరకు నా కాగితం మీద ఉన్నవి: "చుంబించుకున్నారట", "లిప్‌లాక్ అట", "ముద్దుల్లో మునిగిపోయారట", "ముద్దులాడుకున్నారట". ఏది నయం?

లీడ్స్_వాసి

చుంబించుకున్నారంటే ఆ అకౌంట్స్ అతనికి కిరీటం పెట్టాల్సి వస్తుంది.

నర్సమ్మ_కార్క్

లిప్‌లాక్ వద్దు. ఆ మాట వినగానే సినిమా వార్తలే గుర్తొస్తాయి. ఫలానా హీరో ఫలానా హీరోయిన్‌తో లిప్‌లాక్, అందుకు ఆమె ఎంత అడిగింది... మన సినిమా విలేకరులు అరగదీసిన మాట అది. టీ కప్పులతో నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు అలా మాట్లాడుకోరు.

విశ్రాంత_మాస్టారు

"ముద్దులాడు" మంచి మాటే గానీ పసిపిల్లల వాసన వస్తుంది. చంకలో బిడ్డను ముద్దాడతాం కదా. తెలుగు ముద్దులో గారాబం ఎప్పుడూ కలిసే ఉంటుంది. బ్రౌన్ నిఘంటువులో కూడా దానికి అందం, ముద్దు రెండర్థాలూ ఉన్నాయి. స్నాగ్‌లో గారాబం చుక్కంత కూడా లేదు.

నామవాచకాన్ని వదిలేసి గొంతును పట్టుకోండి. ఇద్దరు స్నేహితురాళ్లు తెలుగులో ఈ సంగతి ఎలా మొదలుపెడతారు? సూటిగా అడగరు. "నిన్న రాత్రి అకౌంట్స్ అబ్బాయితో ముద్దులటగా..." అని సాగదీసి వదిలేస్తారు. బహువచనం, పక్కన "అటగా". ఆ రెండూ కావలసిన తుంటరితనాన్ని మోస్తాయి.

ముక్కుసూటి

"ఏమిటా ముద్దులు, ఊపిరి కూడా తీసుకోకుండా!" అని పెడితే ఇంకా బాగుంటుంది. ఎంతసేపు సాగిందో కూడా తెలుస్తుంది.

ఉపశీర్షిక

ముక్కుసూటి గారూ, ఇన్నాళ్లూ మీలో ఈ రసికుడు ఎక్కడ దాక్కున్నాడు? మాస్టారి వాక్యం ఆమె ప్రశ్నకు, మీ వాక్యం తరవాతి సన్నివేశంలో ఇంకో ఉద్యోగి ఇదే విషయం మోసుకొచ్చినప్పటికి. రెండూ సమీక్షకు పంపాను. మొదటిదానికి అనుమతి వచ్చింది. రెండోదానిలో "ఊపిరి కూడా" తీసేయమన్నారు, వరుసలో పట్టదట.

గోదారిగట్టు

మాస్టారూ, ఒక్క సందేహం. మా అబ్బాయి చిన్నప్పుడు క్రాష్ బ్యాండికూట్ అని వీడియో గేమ్ ఆడేవాడు. దానికీ మన పందికొక్కుకూ సంబంధం ఉందంటారా? ఆ బొమ్మ పందికొక్కులా లేదే.

విశ్రాంత_మాస్టారు

పేరు మనదే, జంతువు మనది కాదు. ఆస్ట్రేలియాలో కంగారూలాగా పొట్టసంచి ఉన్న చిన్న జంతువు ఒకటుంది. చూడటానికి పెద్ద ఎలుకలా ఉందని ఆంగ్లేయులు ఇండియాలో నేర్చుకున్న పేరునే దానికి తగిలించారు. 1996 నాటి ఆ ఆటలోని కథానాయకుడు ఆ ఆస్ట్రేలియా జంతువే. పక్షుల్లో కూడా ఒకటుంది. పిట్టా అనే రంగురంగుల పక్షిజాతికి శాస్త్రీయ నామం మన పిట్ట నుంచే...

నిర్వాహకుడు

మాస్టారూ, క్షమించాలి. ఇది ముద్దుల దారం. పందికొక్కులకూ పిట్టలకూ "ఇంగ్లిష్‌లో తెలుగు మాటలు" అని వేరే దారం తెరిచాను. మీ చివరి టపాను, గోదారిగట్టు గారి ప్రశ్నను అక్కడికి మార్చుతున్నాను. స్నాగ్ మీద ఇంకేమైనా ఉంటే ఇక్కడే రాయండి.